బజ్జీల పొట్లంలో దొరికిన ల్యాబ్ రిపోర్టు: ఒక ఆస్పత్రి యాజమాన్యానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మెడికల్ సూపరింటెండెంట్ గారికి, ఆస్పత్రి యాజమాన్య సభ్యులకు నమస్కారాలు.

మీ ఆస్పత్రి పేరు ఈ లేఖలో ఎక్కడా రాయడం లేదు. రాస్తే చదివేవాళ్ల చూపు ఆ పేరు దగ్గరే ఆగిపోతుందనీ, ఇవే పద్ధతులు నడుస్తున్న మిగిలిన ఆస్పత్రులు ఇది తమ సంగతి కాదనుకుంటాయనీ నా భయం. మీకు మాత్రం ఇది మీ గురించేనని చదవగానే తెలుస్తుంది, ఎందుకంటే ఇందులోని విషయాలన్నీ కిందటి వేసవిలోనే కాగితం మీద రాసి మీ ఫిర్యాదుల పెట్టెలో వేశాను. జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ రాయవలసి వచ్చింది.

ఆ రోజు సాయంత్రం మా అమ్మ రక్తపరీక్షల ఫలితాలు రావడానికి ఇంకో గంట పడుతుందన్నారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని మీ గేటు పక్కనున్న బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. తిన్నాక కాగితం పారేయబోతూ చూస్తే నూనె మరకల కింద మీ ఆస్పత్రి గుర్తు కనిపించింది. మడత విప్పాను. అది ఒక ల్యాబ్ రిపోర్టు. పైన ఒక అమ్మాయి పేరు, ఇంటిపేరుతో సహా, వయసు 31, ఊరు, పది అంకెల ఫోన్ నంబరు, పరీక్ష రాసిన డాక్టరు పేరు. కింద పరీక్ష పేరు, దాని ఫలితం. అది ఏ పరీక్షో ఇక్కడ చెప్పను. ఆ ముక్క ఆమె అత్తవారింటికో, ఆమె పనిచేసే చోటుకో చేరితే ఏమవుతుందో ఊహించడానికి డాక్టరు చదువు అక్కరలేదు. బండి అతన్ని అడిగితే, పాత పేపర్లు కొనే దుకాణంలో కిలోల లెక్కన తెచ్చుకున్నానన్నాడు. ఇంకా పెద్ద కట్టే ఉంది. అందులో మీ గుర్తు ఉన్న కాగితాలన్నీ ఏరి, డబ్బులిచ్చి తీసుకున్నాను. మొత్తం పదిహేడు. ఆ పదిహేడు మందిలో ఎవరికీ తమ కాగితం ఆ సాయంత్రం ఎక్కడుందో తెలియదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్‌లో పని చేస్తున్నాను. మా దగ్గర ఒక ఫైలు ముగిసిందంటే దాని మీద ఆర్.డిస్. అనో, డి.డిస్. అనో, ఎల్.డిస్. అనో రాస్తాం. మొదటిది శాశ్వతంగా ఉంచవలసినది, రెండోది పదేళ్లు, మూడోది ఏడాది. గడువు తీరిన ఫైలును కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు పారేయడానికి లేదు. జాబితా తయారు చేయాలి, పై అధికారి సంతకం కావాలి, ఆ తరువాతే ధ్వంసం చేయాలి. భూముల తగాదాల ఫైళ్లకు, సెలవు చీటీలకు ఇంత పద్ధతి ఉన్నప్పుడు, ఒక మనిషి రక్తంలో ఏముందో, గర్భంలో ఏముందో, మనసులో ఏముందో రాసి ఉన్న కాగితాలకు మీ దగ్గర ఏ పద్ధతీ లేకపోవడం నన్ను నిలువునా కలవరపెట్టింది. మా వృత్తిలో తెలిసిన చిన్న సంగతి ఒకటి చెబుతాను. కాగితాలు బయటికి పోయేది ఎక్కువగా దొంగల వల్ల కాదు. అవి ఎవరి బాధ్యతో రాసి లేకపోవడం వల్ల.

అదే వారంలో అమ్మ కేసు షీటు నకలు కావాలని మీ మెడికల్ రికార్డుల విభాగంలో అడిగాను. హైదరాబాద్‌లో ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుందామని మా ఆలోచన. కిటికీలోని వ్యక్తి "కేసు షీటు బయటికి ఇవ్వమమ్మా, డిశ్చార్జి సమ్మరీ ఇస్తాం, అది చాలు" అన్నాడు. దరఖాస్తు రాసిస్తానంటే మేనేజర్ సంతకం కావాలన్నాడు. మేనేజర్ సెలవులో ఉన్నారన్నాడు. మూడు రోజులు తిరిగాను. ఆ మూడో రోజు సాయంత్రమే నాకు ఆ బజ్జీల కాగితం దొరికింది.

నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. మీ ఆస్పత్రిలో రోగి సమాచారం రోగికి తప్ప అందరికీ అందుతోంది. ఎవరి శరీరం గురించి రాశారో ఆ మనిషి అడిగితే "గోప్యం" అంటారు. ఆ మనిషికి ఏ సంబంధమూ లేనివాళ్లకు అది ఊరికే దొరుకుతుంది. మీ సిబ్బంది గోప్యత అనే మాటను వాడేది కాగితం ఇవ్వకుండా ఉండడానికే తప్ప, కాగితాన్ని కాపాడడానికి కాదు.

నిబంధన ఏం చెబుతుందో మీకు తెలియదని నేను అనుకోను. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఆస్పత్రిలో చేర్చుకున్న రోగి రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరచాలి; రోగి గానీ, రోగి అధికారమిచ్చిన సహాయకులు గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి 72 గంటల్లోగా ఆ పత్రాలు ఇవ్వాలి. వైద్యం చేసే క్రమంలో తెలిసిన రోగి రహస్యాలను వెల్లడించకూడదన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. న్యాయమూర్తి ఆదేశించినప్పుడు, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు, చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల విషయంలో మాత్రమే మినహాయింపు. అంటే ఆ నిబంధనలు రాసినవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టారు. రోగికి తలుపు తెరిచి ఉంచమన్నారు, మిగిలిన లోకానికి మూసి ఉంచమన్నారు. మీ దగ్గర సరిగ్గా తలకిందులుగా ఉంది.

ఇక మా అమ్మ సంగతి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎంతవరకు రాయాలో కూడా ఆమే చెప్పింది.

అమ్మకు 71 ఏళ్లు. రొమ్ములో గడ్డ తగులుతోందని నాకు చెప్పడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది. మీ ఓపీలో మా వంతు వచ్చేసరికి ఆ గదిలో మాతో పాటు మరో ఇద్దరు పేషెంట్లు, వాళ్ల మనుషులు ఉన్నారు. ఒకరిని చూస్తుండగానే తరువాతి వాళ్లను లోపలికి పిలిచి నిలబెట్టడం మీ దగ్గర అలవాటు. పరీక్ష చేసే బల్లకు మూడు వైపుల కర్టెన్ కడ్డీ ఉంది గానీ, ఒకవైపు గుడ్డ లేదు. డాక్టరు గారు మంచివారే, తొందరలో ఉన్నారు. "పైట తీయమ్మా" అన్నారు. అమ్మ కదలలేదు. ఆ తెరిచి ఉన్న వైపు నేను వీపు పెట్టి నిలబడి, నా చున్నీ రెండు చేతులతో విప్పి పట్టుకున్నాను. నా వెనక ఎవరో మగమనిషి దగ్గుతున్నాడు. అమ్మ కళ్లు మూసుకుని, గోడ వైపు ముఖం తిప్పి, పైట కొసను నోట్లో కుక్కుకుంది. పరీక్ష ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆ తరువాత డాక్టరు గారు నన్ను చూసి, "ఇంట్లో మగవాళ్లెవరైనా వచ్చారా?" అని అడిగారు. మా తమ్ముడు బయట ఉన్నాడు. వాణ్ని వరండాలోకి తీసుకెళ్లి, మందుల షాపు వరుసలో నిలబడ్డ జనం పక్కనే, బయాప్సీ చేయాలి, క్యాన్సర్ కావచ్చు, పెద్దావిడకు చెప్పకండి అన్నారు. గడ్డ ఎవరికుందో ఆ మనిషికి తప్ప ఆ వరుసలో నిలబడిన వాళ్లకు కూడా విషయం తెలిసింది. మా ఊరి నుంచి మందులకు వచ్చిన ఒకాయన ఆ వరుసలో ఉన్నాడని మాకు తరువాత తెలిసింది. ఎలా తెలిసిందంటే, మేము ఇల్లు చేరేసరికి పక్కింటి పిన్ని అమ్మను పట్టుకుని ఏడ్చింది. తనకు ఏమొచ్చిందో మా అమ్మ తెలుసుకున్నది పక్కింటి పిన్ని ఏడుపులోంచి.

బయాప్సీకి ఇచ్చిన తేదీన అమ్మ బయలుదేరలేదు. జబ్బంటే భయం వల్ల కాదు. "డాక్టరు దగ్గరికి రానని కాదే, ఆ గదిలోకి మాత్రం రాను" అంది. నాలుగు నెలలు బతిమాలాం. చివరికి వేరే ఊళ్లో, ఒక లేడీ డాక్టరు దగ్గర, తలుపు వేసి ఉన్న గదిలో ఆ పరీక్ష జరిగింది. ఇప్పుడు చికిత్స నడుస్తోంది. ఆ నాలుగు నెలల్లో గడ్డ ఎంత పెరిగిందో రెండు స్కానింగ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూడగల చదువు మీకుంది, నాకు లేదు. కానీ ఒకటి చెప్పగలను. కర్టెన్ గుడ్డ లేకపోవడం మర్యాదకు సంబంధించిన చిన్న లోపమని మీ లెక్కల్లో ఎక్కడైనా రాసుకుని ఉంటే, దయచేసి ఆ పద్దు మార్చి వైద్యంలో జరిగిన ఆలస్యం కింద రాయండి.

గోప్యత అన్నది చదువుకున్నవాళ్ల మాట. మా అమ్మ దాన్ని గుట్టు అంటుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమె తరం వాళ్లంతా నేర్చుకున్నారు. తమ సంగతి బయటపెడితే నష్టం తమకేనని. ఆ నేర్చుకున్నదాన్ని పక్కన పెట్టి, వైద్యుడి దగ్గర దాపరికం ఉండకూడదన్న ఇంకో పెద్దల మాటను నమ్మి, ఆమె మీ గదిలోకి వచ్చింది. ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి ఎంత దూరం నడిచి వస్తుందో మీకు అర్థం కావాలని నా కోరిక.

"పెద్దావిడకు చెప్పకండి" అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి. ఇది మీ ఒక్కరి తప్పు కాదని ఒప్పుకుంటాను. మన ఇళ్లలో మేమే డాక్టర్లను చాటుకు పిలిచి "అమ్మకు చెప్పకండి, నాన్న తట్టుకోలేరు" అంటాం. తమ్ముడు ఆ సాయంత్రం నాతో అన్నదీ అదే, నేను తలూపాను కూడా. అయినా నిర్ణయం మా అమ్మది కావాలి. తన జబ్బు తనకు చెప్పాలా, ఎంత చెప్పాలి, తనతో పాటు ఇంకెవరికి చెప్పాలి అని ఆమెను ముందే ఒక్క మాట అడిగి, ఆమె చెప్పిన పేరును కేసు షీటు మొదటి పేజీలో రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? అమ్మను తరువాత నేను అడిగాను. "నాకే చెప్పాలి. నువ్వు పక్కనుండాలి. తమ్ముడికి నేను చెప్పుకుంటాను" అంది. కొడుకును కాదని కాదు. రొమ్ము సంగతి కొడుకు నోట వినడం ఆమెకు ఇష్టం లేదు.

ఇదే ఫోన్ నంబరు విషయంలోనూ జరుగుతోంది. ఓపీ చీటీ రాసేటప్పుడు మీ కౌంటర్‌లో ఒక నంబరు అడుగుతారు. మన ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లలో ఎంతోమందికి సొంత ఫోను ఉండదు, ఉన్నా నంబరు నోటికి రాదు. పక్కనున్న భర్తో, మరిదో, ఆటో తోలుకొచ్చిన బంధువో తన నంబరు చెబుతాడు. ఇక అక్కడి నుంచి ఆమె రిపోర్టులన్నీ వాట్సాప్‌లో ఆ నంబరుకే వెళతాయి. గర్భ నిర్ధారణ కావచ్చు, పిల్లలు పుట్టకపోవడానికి చేసిన పరీక్ష కావచ్చు, సుఖవ్యాధికి చేసిన పరీక్ష కావచ్చు. బజ్జీల కాగితం మీదున్న ఆ 31 ఏళ్ల అమ్మాయికి ఫోన్ చేసి జాగ్రత్త చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. చేయలేకపోయాను. ఆ నంబరు ఆమెదేనని ఎలా నమ్మను? ఎత్తినవాళ్లకు నేనెవరినని చెప్పను, ఎందుకు చేశానని చెప్పను? పొరపాటు దిద్దబోయి ఇంకో పొరపాటు చేస్తానేమోనని భయపడి ఊరుకున్నాను. మీ కంప్యూటర్‌లో ఆ నంబరు పక్కన "ఇది ఎవరిది, దీనికి రిపోర్టు పంపవచ్చా" అన్న ఒక్క గడి ఉండి ఉంటే ఆ అమ్మాయికి ఎంతో మేలు జరిగేది.

మీ హాలులో పిలిచే తీరు కూడా చెప్పాలి. టోకెన్ నంబర్లు ఇచ్చి కూడా మైకులో పేరు, ఊరు, డాక్టరు పేరు, ఒక్కోసారి జబ్బు కూడా పిలుస్తారు. "టీబీ మందుల వాళ్లు ఇటు రండి" అని మైకులో వినిపించగానే, నా పక్కన కూర్చున్న డిగ్రీ చదివే కుర్రవాడు లేవకుండా తల దించుకుని కూర్చోవడం చూశాను. అరగంట తరువాత హాలు పలచబడ్డాక లేచాడు. టీబీ రోగుల వివరాలను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. అది సరైనదే, జబ్బు అదుపులో ఉండాలంటే అవసరమే. కానీ ప్రభుత్వానికి తెలియజేయమన్నారు గానీ హాలుకు తెలియజేయమనలేదు. ఆ కుర్రవాడు వచ్చే నెల మందులకు మళ్లీ అదే హాలుకు వస్తాడా? మధ్యలో మందులు మానేస్తే ఆ జబ్బు ఎంత మొండిగా మారుతుందో మీకు నేను చెప్పాలా?

కొన్ని జబ్బుల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఆ వ్యక్తికి వివరించి సమ్మతి తీసుకోకుండా హెచ్ఐవీ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. చట్టమే చెప్పిన కొద్ది సందర్భాలు మాత్రం మినహాయింపు. మరి మీ రెండో అంతస్తు వార్డులో ఒక మంచానికి వేలాడే అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు ఎందుకు రాశారు? చేతి తొడుగులు, సూదుల జాగ్రత్తలు ప్రతి రోగి దగ్గరా పాటించవలసినవే కదా; అలా పాటిస్తే ఆ ఎర్ర అక్షరాలతో పని ఏముంది? మానసిక వైద్యం పొందేవారి సమాచారానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరుకు 2021లో సవరించిన చట్టం రక్షణ ఇస్తున్నాయి. ఈ రెండోదాన్ని ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు కూడా ఉంది.

రోగి గుట్టుకు హద్దే లేదని నేను అనడం లేదు. రక్తదానం సందర్భంగా హెచ్ఐవీ ఉన్నట్టు తేలిన ఒక వ్యక్తి విషయం ఆస్పత్రి ద్వారా బయటపడి అతని పెళ్లి ఆగిపోయినప్పుడు, 1998లో సుప్రీంకోర్టు ఆ ఆస్పత్రిది తప్పు కాదంది. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ప్రాణం కూడా ప్రాణమే కదా అని చూసింది. ఆ తీర్పు చుట్టూ చాలా చర్చ జరిగింది, దానిలో కొంత భాగాన్ని తరువాత ఆ కోర్టే సరిదిద్దింది కూడా. నాకు అందులో కనిపించేది ఏమిటంటే, ఒకరి రహస్యం చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరికి, ఎందుకు, ఎంతవరకు అని బరువుగా ఆలోచించి చెప్పాలన్నది. అలా ఆలోచించే మీ ఎర్ర అక్షరాలు రాశారని నమ్మలేను. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పిన తరువాత అయితే అసలు నమ్మలేను.

కంప్యూటర్ల సంగతికి వస్తే నాకు తెలిసింది కొంతే, ఆ కొంతా చెబుతాను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, అంత పెద్ద ఆస్పత్రిలో ఓపీ పనులు రోజుల తరబడి చేతిరాతతో నడిచాయి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి సీసీటీవీ నుంచి, ఆడవాళ్లకు ఇంజెక్షన్లు ఇస్తున్న దృశ్యాలు బయటపడి యూట్యూబ్ దాకా వెళ్లాయి, టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. ఆ వార్త చదివిన రోజు నాకు మీ డ్రెస్సింగ్ గదిలో, సరిగ్గా మంచానికి ఎదురుగా ఉన్న కెమెరా గుర్తుకొచ్చింది. అది పని చేస్తోందా, ఆ దృశ్యాలు ఎవరి ఫోనులో కనిపిస్తాయి, ఎన్నాళ్లు ఉంచుతారు అని మీ సెక్యూరిటీ వ్యక్తిని అడిగాను. తనకు తెలియదన్నాడు. దొంగతనాలు ఆపడానికి కెమెరా కావాలంటే వరండాలో పెట్టండి, మందుల స్టోరులో పెట్టండి. డ్రెస్సింగ్ గదిలో పోయే సొత్తు ఏదీ లేదు.

మీ డ్యూటీ డాక్టర్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. స్కానింగ్ చిత్రం, రోగి పేరున్న రిపోర్టు ఫోటో తీసి అందులో పెడతారు, పెద్ద డాక్టరు గారు ఇంటి నుంచే చూసి మందు చెబుతారు. అర్ధరాత్రి ప్రాణాలు నిలిపే పని అది, దాన్ని ఆపమని నేను అనను. పేరు ఉన్న భాగాన్ని వేలితో మూసి ఫోటో తీయమంటున్నాను. ఉద్యోగం మానేసిన వాళ్లను ఆ రోజే గ్రూపు నుంచి తీసేయమంటున్నాను. ఆరోగ్యశ్రీ అనుమతుల కోసం రోగిని ఫోటో తీసే కుర్రవాడు తన సొంత ఫోనుతో తీసి, ఆ ఫోటోలను తన గ్యాలరీలో ఇంట్లోవాళ్ల ఫోటోల మధ్య మోసుకుపోకుండా ఆస్పత్రి కెమెరా ఒకటి ఇవ్వమంటున్నాను.

కౌంటర్‌లో ఆధార్ అడిగి, "ఓటీపీ చెప్పమ్మా" అని అమ్మ పేరిట 14 అంకెల ఆభా నంబరు, అంటే మనిషి వైద్య రికార్డులను కంప్యూటర్‌లో ఒకచోట కలిపే ఆరోగ్య ఖాతా నంబరు, కూడా సృష్టించారు. అది ఏమిటో, ఎందుకో, వద్దనే వీలుందో ఎవరూ చెప్పలేదు. అది ఐచ్ఛికం. దానివల్ల ఉపయోగం ఉండవచ్చు. పాత రిపోర్టుల సంచి మోసుకుని తిరిగే నాలాంటి వాళ్లకు నిజంగానే ఉండవచ్చు. కానీ చెప్పకుండా తీసుకున్న ఓటీపీని సమ్మతి అనరు. ఆ రోజు అమ్మ చేత సంతకం పెట్టించిన నాలుగు పేజీల పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. ఆమె తెలుగు చక్కగా చదువుతుంది, రోజూ పేపరు చదువుతుంది. సంతకం పెట్టే ముందు "ఇందులో ఏముందమ్మా?" అని అడిగితే, "అందరూ పెట్టేదేలే మామ్మా" అన్నారు.

ఇది త్వరలో మీకూ చిక్కు తెచ్చే విషయమే. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం మనిషికి ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. తెలుగు అందులో ఉంది. సమాచారం బయటికి పొక్కితే ఆ సంగతి ఎవరిది పొక్కిందో వాళ్లకు ఆలస్యం లేకుండా చెప్పాలి. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. నాకు ఈ చట్టంలో నచ్చనివీ ఉన్నాయి. ఆరోగ్య సమాచారానికి విడిగా ఎక్కువ రక్షణ ఏదీ ఇందులో లేదు; వైద్య రికార్డులు సున్నితమైనవని 2011 నాటి ఐటీ నిబంధనలు విడదీసి చెప్పిన పాటి కూడా ఇది చెప్పలేదు. చేత్తో రాసి, కంప్యూటర్‌కు ఎప్పుడూ ఎక్కని కేసు షీటు దీని పరిధిలోకే రాదు. కాబట్టి 2027 మే వచ్చినా బజ్జీల బండి దగ్గరి సమస్య పూర్తిగా తీరదు. అది మీరు తీర్చవలసిందే.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఓపీ గదుల్లో కర్టెన్లు కుట్టించి, ఒకరిని చూస్తున్నప్పుడు ఇంకొకరిని లోపలికి పంపకండి. మైకులో టోకెన్ నంబరు మాత్రమే పిలవండి. సమ్మతి పత్రాలను తెలుగులో, మా అమ్మకు అర్థమయ్యే తెలుగులో అచ్చు వేయించండి. కాగితాలు ముక్కలు చేసే యంత్రం ఒకటి కొని, పాత రిపోర్టులు దాని నోట్లోంచి తప్ప గేటు దాటకుండా చూడండి. ఏ తేదీన ఏవి ధ్వంసం చేశారో ఒక రిజిస్టరు పెట్టండి. ఆ రిజిస్టరు ఎలా గీయాలో తెలియకపోతే ఒక ఆదివారం వచ్చి నేను గీసి పెడతాను, ఇది మాటవరసకు అంటున్నది కాదు. కేసు షీటు అడిగినవాళ్లకు ఆ కిటికీ దగ్గరే రసీదు ఇచ్చి, మూడు రోజుల్లో నకలు చేతికివ్వండి. అన్నిటికంటే ముందు, ఈ విషయాలకు బాధ్యుడు ఎవరో ఒక మనిషి పేరు నిర్ణయించి, ఆ పేరును ఓపీ హాలులో తెలుగులో రాసి పెట్టండి. ఈ పనంతటిలో కష్టమైనది ఆ పేరు రాయడమే అని నా అనుభవం. ఆయాల నుంచి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ ఏడాదికొక పూట శిక్షణ ఇవ్వమనీ అడుగుతున్నాను, ఎందుకంటే నేను చూసినవాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఎర్ర అక్షరాలు రాసిన సిస్టర్ మిగిలిన సిబ్బంది క్షేమం కోరే రాసి ఉంటుంది. ఆమెకు వేరే దారి ఎవరూ చూపలేదు.

బండి దగ్గర నేను ఏరి తెచ్చిన పదిహేడు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు, ఫోటో తీయలేదు. మొదటి దాన్ని తప్ప మిగిలిన వాటిలో పేర్లు కూడా చదవలేదు; బోర్లా తిప్పి లెక్కపెట్టాను. ఖాకీ కవరులో పెట్టి, అతికించి, అతుకు మీద సంతకం చేసి ఉంచాను. నేనే చింపేయవచ్చు గానీ, అవి నావి కావు, చింపే అధికారం నాకు లేదు. వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు ఆ కవరు తీసుకుని మీ కార్యాలయానికి వస్తాను. మీరు గానీ, మీరు నియమించిన బాధ్యులు గానీ దాన్ని స్వయంగా తీసుకుని, తేదీ వేసి, పదిహేడు కాగితాలు అందినట్టు నాకు ఒక రసీదు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వాటిలో పేర్లున్న పదిహేడు మందికి జరిగింది చెప్పవలసిన బాధ్యత ఆ సంతకంతో పాటు మీకు వస్తుంది. ఎలా చెబుతారో, ఏ నంబరుకు చెబుతారో మాత్రం ముందు ఆలోచించుకోండి.

ఇట్లు,
మీ ఆస్పత్రిలో వైద్యం చేయించుకున్న ఒక తల్లి కూతురు